ఒంగోలు క్లౌ దొరగారి జీవితము



మన ఎర్రుపాలెం చుట్టుపట్ల ఏ పల్లెకు వెళ్ళినా ఆదివారం ఉదయాన గుడిగంట వినబడుతుంది. ఒక పల్లెలో అది మన సి.ఎస్.ఐ. వారి గంట, పక్క పల్లెలో బాప్టిస్టువారి గంట. వారి పిల్లను మనం కోడలిగా తెచ్చుకుంటాము, మన పిల్లను వారింటికి పంపుకుంటాము. సమాధుల తోటకు వెళ్ళేటప్పుడు రెండు సంఘాల వారమూ కలిసే నడుస్తాము. అయినా వారి సంఘము ఎలా పుట్టిందో మనలో చాలామందికి తెలియదు. మన డయాసిస్ శతాబ్ది సంచికకు వ్యాసము వ్రాయమని పెద్దలు అడిగినప్పుడు, ఒక బాప్టిస్టు దొరగారి జీవితము వ్రాస్తానని నేను చెబితే కొందరు ఆశ్చర్యపోయారు. ఈ వ్యాసము చివరివరకు చదివితే ఆ ఆశ్చర్యము పోతుందని నా నమ్మకము.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836వ సంవత్సరము జులై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో ఒక సామాన్య రైతు కుటుంబములో జన్మించారు. కుటుంబము భూములు వెదుక్కుంటూ పడమటి దిక్కుగా ఇల్లినాయి, అక్కడినుంచి అయోవా రాష్ట్రాలకు తరలిపోయింది. పిల్లవాడు పొలం పనిలోనే పెరిగాడు. యౌవనములో భూమి కొలిచే సర్వే ఉద్యోగుల వెంట మిన్నెసోటా అడవులలో తిరిగి, గొలుసు లాగే పని మొదలుకొని సర్వే విద్య అంతా నేర్చుకున్నారు. ఆ విద్య ఒకనాడు తెలుగు దేశములో వేలమంది ప్రాణాలు నిలుపుతుందని అప్పుడు ఆయనకు తెలియదు.

డబ్బు కూడబెట్టి న్యాయవాది కావాలని ఆయన కోరిక. అందుకోసము మిసిసిపి నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ పట్టణములో కళాశాలలో చేరారు. అప్పటికి ఆయనకు దేవుని సంగతి పట్టదు. ఒకే గదిలో ఉండే తోటి విద్యార్థి ప్రతి రాత్రి బైబిలు చదివి ప్రార్థన చేసేవాడు. అది ఈయనకు గిట్టలేదు. సుద్దముక్క తీసుకొని గది మధ్యన గీత గీసి, నీ ప్రార్థనలు గీతకు అవతలే ఉంచుకోమన్నారట. కాని ఆ గీత ఎక్కువకాలము నిలువలేదు. ఆ స్నేహితుని నడవడి చూసి, కొద్దికాలములోనే ఈయన కూడా గీత దాటి మోకరించారు. 1858లో బాప్తిస్మము పొందారు. 1862లో పట్టము పుచ్చుకొని, కొంతకాలము ఊరూరా తిరుగుతూ బైబిళ్ళు, మతగ్రంథాలు అమ్మే పని చేశారు.

ఆ కాలములో తెలుగు దేశపు బాప్టిస్టు మిషను ఎలా ఉన్నదో కొంచెం చెప్పాలి. డే దొరగారు 1836లో ఈ దేశానికి వచ్చి 1840లో నెల్లూరులో మిషను స్థాపించారు. ఆయన తరువాత 1849లో జ్యూయెట్ దొరగారు వచ్చారు. ఇరవై సంవత్సరాలు పైబడినా వ్రేళ్ళమీద లెక్కించదగిన విశ్వాసులే ఉన్నారు. ఖర్చు దండగ, ఈ మిషను మూసివేద్దామని అమెరికాలోని పెద్దలు ఒకసారి కాదు, పలుసార్లు ఆలోచించారు. ఆ దేశములో ఉన్న ఏకైక మిషను కేంద్రము కనుక దానికి ఒంటరి నక్షత్రము అని పేరు వచ్చింది.

1854 జనవరి 1న సూర్యోదయ సమయములో జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, క్రైస్తవుడు నరసు, జూలియా, రూతు అను ఐదుగురు ఒంగోలు పక్కనున్న కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అని పిలుస్తారు. ఆ ఐదుగురిలో ముగ్గురు మన దేశస్థులేనని గుర్తుంచుకోవాలి. ఆ ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండు సంవత్సరాలు పట్టింది.

1862లో జ్యూయెట్ గారు ఆరోగ్యము చెడి అమెరికా వెళ్ళినప్పుడు మళ్ళీ మిషను మూసివేసే మాట వచ్చింది. మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళతాను, తెలుగువారి మధ్యనే చనిపోతాను అని ఆ పెద్దాయన పట్టుబట్టారు. ఆయనను ఒంటరిగా పంపలేక, తోడుగా ఒక యువకుని వెదికారు. అలా ఎన్నికైనవారే క్లౌ గారు. భార్య హ్యారియెట్ దొరసానిగారితో, చిన్న బిడ్డతో 1864 నవంబరు 30న బోస్టను రేవులో తెరచాప ఓడ ఎక్కి, నెలల తరబడి ప్రయాణము చేసి 1865లో మద్రాసులో దిగి నెల్లూరు చేరారు. 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురము పెట్టారు.

ఇక్కడ మన సంఘానికి సంబంధించిన సంగతి వస్తుంది.

ఒంగోలుకు పడమట తాళ్ళకొండపాడు అను పల్లెలో ఎర్రగుంట్ల పేరయ్యగారు అను మాదిగ పెద్ద ఉండేవారు. తోళ్ళ వ్యాపారము ఆయన వృత్తి. పెద్ద చదువు లేకపోయినా ఆత్మ విషయములో ఆకలిగల మనిషి. రాజయోగము నేర్చినవారి వద్ద ఉపదేశము పొంది, సాధన చేసి, తానే మరికొందరికి గురువుగా ఉండేవారు. అయినా మనసుకు నెమ్మది దొరకలేదు. తోళ్ళు కొనడానికి ఉత్తరాదికి, ఏలూరు వైపుకు వెళ్ళినప్పుడు ఒక దొరగారి బోధ విన్నారు. ఆ దొరగారు ఎవరనుకున్నారు? చర్చి మిషనరీ సొసైటీవారు ఏలూరులో ఉంచిన అలెగ్జాండరు దొరగారు. అనగా మన ఆంగ్లికన్ సంఘపు పూర్వికుడే. ఆ రోజులలోనే అదే సొసైటీవారి పని మన ఎగువన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెములో హేగ్ దొరగారు, వేంకట రామరాజుగారి ప్రయాసతో కోయవారి మధ్య మొదలవుతున్నది.

అలెగ్జాండరు గారు పేరయ్యను తన రిజిస్టరులో వ్రాసుకోవడానికి ప్రయత్నించలేదు. మీ ఒంగోలుకు త్వరలో ఒక మిషనరీ వస్తాడు, ఆయనను వెదుక్కోమని చెప్పి పంపివేశారు. పేరయ్యగారు ఆ మాట మరువలేదు. 1866 మార్చిలో జ్యూయెట్, క్లౌ గార్లు ఒంగోలు వచ్చారని విని, భార్య నాగమ్మగారితో వచ్చి బాప్తిస్మము పొందారు. లక్షలమందిగా పెరిగిన తెలుగు బాప్టిస్టు సంఘాలకు ముఖ్యమైన మూలపురుషుడు ఈయన. ఆయన చెవిలో మొదటి విత్తనము వేసినది మనవారు, పంట కోసినది వారు. అందుకే ఈ చరిత్ర మన సంచికలో ఉండదగినదని నేను అంటున్నాను.

బాప్తిస్మము పొందిన పేరయ్యగారు ఊరికే ఉండలేదు. నాగమ్మగారితో కలిసి తాళ్ళకొండపాడు చుట్టూ పల్లె పల్లెకూ తిరిగి తాను విన్నది చెప్పారు. క్లౌ దొరగారు ఒంగోలు చేరగానే, తన వెంట వచ్చి వినేవారిని చూడమని బ్రతిమాలారు.

ఈ మధ్యలో ఒంగోలులో దొరగారికి పెద్ద పరీక్ష ఎదురైంది. పట్టణములోని పైకులస్థులు ఆయనతో స్నేహము చేస్తున్నారు. తమ పిల్లలను బడికి పంపుతున్నారు. కొందరు బోధ వినడానికి కూడా ఇష్టపడ్డారు. అంతలో మాదిగలు వస్తున్నారని తెలిసింది. వారిని చేర్చుకుంటే మేము రాము అని పైకులస్థులు స్పష్టముగా చెప్పారు. దొరగారు ఆలోచనలో పడ్డారు. మొదట గొప్పవారు వస్తే వారివలన మిగిలినవారు వస్తారని ఆ కాలపు మిషనరీలలో చాలామంది లెక్క. ఆయన కూడా ఆ లెక్కకు అతీతుడు కాదు. ఏమి చేయాలో తోచక ఒక గదిలో కూర్చుండి బైబిలు తెరిస్తే, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగము కంటబడింది. లోకము నీచముగా చూచినవారినే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు వ్రాసిన భాగమది. అదే సమయములో మరొక గదిలో దొరసానిగారు వేరొక బైబిలు తెరిస్తే అదే భాగము వచ్చింది. ఇద్దరూ కలుసుకొని చెప్పుకున్నప్పుడు ఆ ఇంటిలో ఇక వాదము మిగలలేదు. పైకులస్థుల పిల్లలు బడి మానుకున్నారు. దొరగారు మాదిగపల్లె దారి పట్టారు.

1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో గుడారము వేశారు. పేరయ్యగారు సిద్ధపరచిన జనము పిల్లాపాపలతో, కట్టెలు, మూటలతో వచ్చి చెట్లక్రింద దిగారు. కొన్ని దినాలు బోధించి, ఒక్కొక్కరిని పరీక్షించి ఇరవై ఎనిమిదిమందికి బాప్తిస్మము ఇచ్చారు. అప్పటినుంచి ఆ ఉద్యమము ఆగలేదు.

చేరినవారికి దొరగారు పెట్టిన నియమాలు మూడే. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. ఈ మూడు నియమాలు మనకు ఈనాడు చిన్నవిగా కనబడవచ్చు. ఆ రోజులలో మాదిగవాడు ఊరి పెద్దలకు వెట్టివాడు. జాతరలో డప్పు కొట్టాలి, పిలిచిన రోజున తోలుపని చేయాలి, చచ్చిన గొడ్డును లాగుకొనిపోవాలి. ఆదివారము రానని, జాతరకు డప్పు కొట్టనని అంటే ఊరు ఊరంతా పగబట్టినట్లే. పని ఇవ్వరు, నీళ్ళు దొరకనివ్వరు, లేని నేరాలు మోపి కచేరీకి ఈడుస్తారు. మన తాతలు ఈ బాధలు పడ్డారు. ఈనాడు ఆదివారము వాన పడితే గుడికి రాని మనము ఆ సంగతి ఒకసారి తలచుకోవాలి.

దొరగారు చేసిన మంచి పనులలో ఒకటి, మన జనుల పద్ధతులను త్రోసివేయకపోవడము. పల్లెలో కులపెద్దలు పంచాయితీ చేసే అలవాటు ఉన్నది గనుక సంఘవిషయాలను పెద్దలతో కూర్చుండి తీర్చేవారు. గురువుకు శిష్యులు ధాన్యము పెట్టే అలవాటు ఉన్నది గనుక బోధకుని పోషణలో పల్లెకు పాలు పెట్టారు. మూడు నెలలకు ఒకసారి బోధకులందరూ ఒంగోలుకు నడిచి వచ్చి, తమ పల్లెల సంగతులు చెప్పి, కొత్త పాఠము నేర్చుకొని తిరిగి వెళ్ళేవారు. 1872లో రామాయపట్నములో వేదపాఠశాల మొదలై బోధకుల తరిఫీదు సాగింది.

ఇక గొప్ప కరవు సంగతి. 1876 మొదలుకొని 1878 వరకు మద్రాసు రాజధాని అంతటా వానలు లేక, ధాన్యము లేక లక్షలాది ప్రజలు చనిపోయారు. దానినే ధాత కరవు అని మన పెద్దలు చెప్పుకునేవారు. ప్రభుత్వమువారు కూలిపని కల్పించడానికి బకింగ్‌హాం కాలువ త్రవ్వించసాగారు. ఆ పనిచోట మేస్త్రీలు అంటరానివారిని హింసిస్తున్నారని దొరగారు విన్నారు. అప్పుడు ఆయన యౌవనములో నేర్చిన సర్వే విద్య పనికివచ్చింది. మూడున్నర మైళ్ళ కాలువ పనిని తానే కంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులను మేస్త్రీలుగా నియమించారు. ఏ కులమువారు వచ్చినా పని ఇచ్చారు. నడవలేక కర్రపట్టుకొని వచ్చినవారికి కూడా ఏదో ఒక పని చూపించి కూలి ముట్టజెప్పారు. పగలు గంపలు మోసినవారు పొద్దుగూకిన తరువాత బోధకుని చుట్టూ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని రమ్మని పిలిచిన ప్రభువును గూర్చి వినేవారు.

వేలమంది బాప్తిస్మము ఇమ్మని అడిగారు. దొరగారు ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవాడు కూలికోసము ఏదైనా అంటాడు, కరవు తీరేదాకా వానిని అడగడము న్యాయము కాదని ఆయన ఉద్దేశము. ఆలోచించండి. ఇరవై సంవత్సరాలు పైగా ఫలము లేక మూతబడబోయిన మిషను అది. వేలమంది తలుపు తడుతున్నారు. లెక్క వ్రాసి అమెరికాకు పంపితే అందరూ సంతోషించేవారే. ఆయన మాత్రము తలుపు మూసి ఉంచారు.

1878లో వానలు పడ్డాయి. కరవు సహాయ నిధి అయిపోయింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇండ్లకు వెళ్ళి పొలాలు చూసుకోండని దొరగారు చెప్పి పంపారు. జనము డబ్బు కోసము రాలేదని చెప్పి, కూలి లేకపోయినా వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి వద్ద కూడుకున్నారు. ఒక్కొక్క పల్లెవారిని ఆ పల్లె బోధకుడే పరీక్షించి, పేర్లు వ్రాయించాడు. 1878 జులై 3న ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందారు. మూడు దినాలలో మూడు వేల ఐదు వందల మంది దాటారు. జూన్ మధ్యనుంచి జులై ఆఖరువరకు లెక్క 8,691.

ఆ దినము నీళ్ళలో దిగినవారు ఎవరు? మన తెలుగు బోధకులు. ఆరుగురు బోధకులు ఇద్దరు చొప్పున నిలిచి, వారు అలసితే మరి ఇద్దరు దిగుతూ, ఒక్కొక్కరి పేరు పిలిచి, ఒక్కొక్కరికే ఇచ్చారు. తొందర లేదు, గుంపుగా ముంచడము లేదు. దొరగారు ఒడ్డున నిలిచి పని సక్రమముగా జరుగుతున్నదా అని చూచారు. ఈ వార్త లోకమంతా ప్రాకింది. కొందరు సంతోషించారు, ఇంతమందిని ఇంత త్వరగా చేర్చుకోవచ్చునా అని కొందరు ఆక్షేపించారు. పదిహేను నెలల నిరీక్షణ సంగతి ఎరిగినవారు ఆ ఆక్షేపణ చేయరు.

అయితే ఆయన పనిలో లోటు లేదని చెప్పితే అది సత్యము కాదు. 1883 నాటికి ఒంగోలు సంఘములో సభ్యులు ఇరవై వేలు దాటారు. లోకములోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘమని దానికి పేరు వచ్చింది. కాని అంతమందికి చదువు చెప్పడానికి, వాక్యము నేర్పడానికి బోధకులు చాలలేదు. ఇంకా సేవకులను పంపండని ఆయన అమెరికా వెళ్ళి అడిగారు, ఉత్తరాలు వ్రాశారు. ఆ ఏడే ఆ పెద్ద సంఘమును విభజించి వేరు వేరు సంఘాలుగా ఏర్పరచారు. కులము కులముగా జనము చేరడమువలన మాల మాదిగ భేదము గుడిలోపలికి కూడా వచ్చింది. ఆ రోగము ఒక మిషనుకే అంటినది కాదు. మన బల్లలమీద కూడా అది కూర్చుండినదని మనస్సాక్షి గలవారు ఒప్పుకోవాలి.

1893లో హ్యారియెట్ దొరసానిగారు చనిపోయారు. మరుసటి సంవత్సరము, మద్రాసులో తెలుగువారి మధ్య పనిచేసి మంచి విద్వాంసురాలైన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని దొరగారు వివాహము చేసుకున్నారు. ఆమె మాదిగ పెద్దల వద్ద కూర్చుండి వారి జీవితకథలు విని 1899లో పుస్తకముగా ప్రచురించారు. పేరయ్యగారి చరిత్ర మనకు మిగిలినదంటే ఆమె ప్రయాసవలననే. చివరి సంవత్సరాలలో దొరగారు పడి తుంటి విరగడముతో నడవలేని స్థితికి వచ్చారు. అయినా ఒంగోలు విడిచి వెళ్ళడానికి ఇష్టపడలేదు. 1910లో స్వదేశము చేర్చిన తరువాత అదే సంవత్సరము నవంబరులో ప్రభువునందు నిద్రించారు. ఒంగోలులో ఆయన పేర ఆసుపత్రి కట్టారు.

ఒంగోలు, నెల్లూరులనుండి ఆ పని మన వైపుకు కూడా వచ్చింది. 1870లలో నైజాం రాజ్యములో సికింద్రాబాదు, హనుమకొండలలో బాప్టిస్టు కేంద్రాలు ఏర్పడ్డాయి. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో మన పక్కనున్న మధిరలో మిషను నెలకొన్నది. 1912లో దోర్నకల్ డయాసిస్ ఏర్పడి అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషపు అయినారు. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు ఈ బాప్టిస్టు సంఘాలు అందులో కలియలేదు. పేర్లు వేరైనా పల్లెలు ఒకటే, పొలాలు ఒకటే.

నా స్వంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. వేదకళాశాలలో ఈ చరిత్ర చదివినప్పుడు 2,222 అను సంఖ్య ఒక్కటే నా తలలో నిలిచింది. పదిహేను నెలల సంగతి పరీక్ష వ్రాసి మరచిపోయాను. పాస్టరునైన కొత్తలో ఒక పల్లెలో వరద వచ్చి, మేము బియ్యము, దుప్పట్లు పంచాము. ఆ నెలలోనే పదకొండు కుటుంబాలవారు బాప్తిస్మము అడిగారు. నేను ఆలోచించక ఇచ్చాను. వార్షిక నివేదికలో ఆ లెక్క గొప్పగా వ్రాశాను. మరుసటి ఈస్టరుకు ఆ పదకొండు కుటుంబాలలో మిగిలినవి రెండు. వెళ్ళిపోయినవారిని నేను నిందించలేను. వారు ఆకలితో ఉన్నప్పుడు వారి చేయి పట్టుకొని సంతకము పెట్టించినవాడను నేను. ఆ రెండు కుటుంబాలవారు ఇప్పటికీ నన్ను అయ్యగారూ అని ప్రేమగా పిలుస్తారు. అలా పిలిచినప్పుడల్లా మిగిలిన తొమ్మిది నాకు గుర్తుకు వస్తాయి.

శతాబ్ది సంవత్సరములో మనము లెక్కలు వ్రాస్తాము. ఎన్ని గుడులు, ఎంతమంది సభ్యులు, ఎంత కానుక. వ్రాయవలసినదే. దానితోపాటు ఏలూరు అలెగ్జాండరు దొరగారిని తలచుకుందాము. ఆయన ఒక మనిషిని తన లెక్కలో కలుపుకోకుండా వేరొకరి వద్దకు పంపారు. క్లౌ దొరగారిని తలచుకుందాము. ఆయన ఆకలిగొన్నవారికి ముందు కూలి ఇచ్చి, బాప్తిస్మము కరవు తీరినదాకా ఆపారు. పేరయ్యగారిని, నాగమ్మగారిని తలచుకుందాము. వారిని ఏ మిషనూ పంపకముందే వారు పల్లెలకు నడిచారు.

వచ్చే ఆదివారము పక్క పల్లెనుంచి బాప్టిస్టువారి గంట వినబడినప్పుడు, వారికోసము ఒక్క క్షణము ప్రార్థించండి. వారి ఇంటి కథలో మన ఇంటి విత్తనము ఉన్నది. ప్రభువు మన రెండు సంఘాలను ఆయన రాకడవరకు కాపాడునుగాక. ఆమేన్.